సెల్లార్‌కు రాని ఓటీపీ

అక్క పోయిన రోజు నేను ఆసుపత్రిలోనే ఉన్నానని అందరికీ చెప్పాను. అది అబద్ధం కాదు. కానీ ఆమె నా కోసం అడిగిన ఆ కాసేపూ నేను గేటు బయట రోడ్డు పక్కన నిలబడి ఫోను వంక చూస్తున్నాను.

మైలార్‌దేవ్‌పల్లి వైపు ఉన్న ఆసుపత్రి అది. ఐసీయూ మూడో అంతస్తులో. రోగుల తాలూకు మనుషులను అక్కడ ఉండనివ్వరు. వాళ్లకు సెల్లార్‌లో ఒక హాలు, ఇనుప కుర్చీలు, గోడకు ఒక మైకు. "కింద సిగ్నల్ రాదన్నా, వైఫై పెట్టుకో. ఏమన్న ఉంటె వాట్సాప్‌ల కాల్ చేస్తం" అని నర్సు మొదటి రోజే చెప్పింది. వైఫై పెట్టుకోబోతే ఫోన్లో ఒక పేజీ తెరుచుకుంది. మొబైల్ నంబరు ఇవ్వండి, ఓటీపీ పంపుతాం అని ఉంది. ఓటీపీ రావాలంటే సిగ్నల్ కావాలి. సిగ్నల్ లేకనే కదా వైఫై. మెట్లెక్కి రోడ్డు మీదికి వెళ్లాను. ఓటీపీ వచ్చింది. కిందికి దిగి, మళ్లీ పేజీ తెరుచుకుని అంకెలు కొట్టేసరికి గడువు దాటిపోయింది. రెండోసారీ అంతే. వైఫై కుదరలేదని నర్సుకు చెప్పి, గంటకోసారి మూడో అంతస్తు తలుపు దాకా వెళ్లి అడిగి వచ్చేవాణ్ని.

మూడో రోజు మధ్యాహ్నం ఇంకోసారి చూద్దామని పైకి వెళ్లాను. ఆ రోజు ఓటీపీ రావడం ఆలస్యమైంది. అదే సమయంలో అక్కకు తెలివి వచ్చింది. "తమ్ముడేడి" అని అడిగిందట. నాకు ఫోను కలవదని వాళ్లకు తెలుసు కాబట్టి సెల్లార్ మైకులో పిలిచారు. మూడుసార్లు పిలిచారు. నేను దిగివచ్చేసరికి హాల్లో ఒక పెద్దాయన లేచి నిలబడి, "నిన్నే పిలుస్తున్నరు బిడ్డా, ఉరుకు" అన్నాడు. ఉరికాను. అప్పటికే మళ్లీ గొంతులో గొట్టం వేశారు. సాయంత్రానికి పోయింది.

ఈ ఓటీపీ పేజీలు పెట్టడమే నా ఉద్యోగం. ఆ ఆసుపత్రిలో పెట్టింది నేను కాదు. కానీ అలాంటివి హాస్టళ్లలో, ఆఫీసుల్లో, రెండు ఆసుపత్రుల్లో నేను పెట్టాను. పెట్టిన ప్రతిచోటా కిటికీ పక్కన నిలబడి నా ఫోనుతో పరీక్షించి, పనిచేస్తోందని సంతకం చేయించుకుని వచ్చాను.

రెండు నెలల తర్వాత మా కంపెనీ నన్ను శంషాబాద్‌లో కొత్తగా కట్టిన ఒక ఆసుపత్రికి పంపింది. ఏ పని అని అడిగితే, గెస్ట్ వైఫై అన్నారు. వేరేవాళ్లను పంపమని అడగవచ్చు. కారణం చెప్పాల్సి వస్తుందని అడగలేదు.

విమానాశ్రయం దగ్గర ఇంత ఎత్తుకు మించి కట్టనివ్వరు. అందుకని ఆ ఆసుపత్రివాళ్లు కిందికి తవ్వుకున్నారు. పైన నాలుగు అంతస్తులు, కింద రెండు సెల్లార్లు. రాయిని పగలగొట్టి దింపిన సెల్లార్లు. కింది దాంట్లో బండ్లు పెడతారు. పై సెల్లార్‌లో, పై అంతస్తులో ఉన్న ఆపరేషన్ థియేటర్ల తాలూకు వెయిటింగ్ హాలు. నేను మొదట చూసింది ఆ హాలునే. ఫోను తీసి చూశాను. సిగ్నల్ గీత ఒక్కటి కూడా లేదు. గోడకు మైకు కూడా లేదు. అందరికీ ఫోన్లున్నాయి కదా అని పెట్టలేదట.

ఇక్కడ పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. పైకప్పుకు తెల్లటి డబ్బాలు బిగిస్తాం. వైఫై ఇచ్చేవి అవే. కానీ వాటికి సొంత బుద్ధి లేదు. వాటన్నిటినీ నడిపేది సర్వర్ గదిలో ఉండే కంట్రోలర్ అనే ఒక పెట్టె. ఎవరిని రానివ్వాలి, ఎంతసేపు ఉండనివ్వాలి, ఎప్పుడు గెంటేయాలి, అన్నీ దానికే చెప్పాలి. ఆసుపత్రి కాబట్టి ఇక్కడ రెండు కంట్రోలర్లు. లోపలిది డాక్టర్లకూ, నర్సులకూ, రోగుల రికార్డులకూ. రెండోది ఫైర్‌వాల్ అనే కాపలా పెట్టెకు అవతల, బయటివాళ్ల కోసం. బయటివాళ్ల ఫోన్లు రికార్డుల జోలికి పోకుండా, లోపలి కంట్రోలర్ నుంచి బయటి కంట్రోలర్‌కు ఒక సొరంగంలాంటి దారి వేసి, వాళ్ల రాకపోకలన్నీ అందులోంచే పంపుతాం. మేము దాన్ని టన్నెల్ అంటాం. చెప్పడానికి ఇంతే. చేయడానికి నాకు మూడు వారాలు పట్టింది.

ఆసుపత్రి మేనేజరు కోస్తా మనిషి. నన్ను చూడగానే కుర్చీ చూపించి, టీ తెప్పించి, కాగితం ముందు పెట్టాడు.

"గెస్ట్ లాగిన్ ఓటీపీతోనే ఉండాలండీ. ఇది మాత్రం మార్చడానికి లేదు."

"సెల్లార్‌లో సిగ్నల్ లేదు సార్. ఓటీపీ రాదు."

"పైకి వచ్చి తీసుకుంటారండీ. లిఫ్టు ఉంది కదా."

"లిఫ్టు ఎక్కి వచ్చి, ఓటీపీ తీసుకుని, మళ్లీ దిగేసరికి గడువు అయిపోతుంది."

"గడువు పెంచండి."

"పెంచుతాను సార్. కానీ వాళ్లు పైకి వచ్చినప్పుడు కింద పిలిస్తే?"

"రెండు నిమిషాల్లో ఏమవుతుందండీ?" అన్నాడు.

నాకు జవాబు తెలుసు. చెప్పలేదు. టీ తాగాను.

ఆయన చెడ్డవాడు కాదు. ఇంతకుముందు పనిచేసిన చోట ఓటీపీ లేకుండా వైఫై తెరిచిపెట్టారట. ఎవరో దాని మీద నుంచి ఎవరికో బెదిరింపు మెయిల్ పంపితే, పోలీసులు వచ్చి ఈయన్ను ఒక రోజంతా కూర్చోబెట్టారు. "వాడెవడో నాకు తెలియదండీ అంటే, నీ వైఫై కదా, నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది అన్నారండీ. పక్కన మా ఆవిడ ఫోన్ మీద ఫోన్" అన్నాడు. వైఫై వాడిన మనిషి ఎవరో చెప్పగలిగి ఉండాలన్నది ఆయన పట్టు. ఎదురుచూసే మనిషి కుర్చీలోంచి లేవకుండా వైఫైలోకి రాగలగాలన్నది నా పట్టు. రెండూ న్యాయమే. అందువల్లనే వాదన తెగలేదు.

సెల్లార్‌లో సిగ్నల్ పెంచే యంత్రాలు పెట్టమని ఫోను కంపెనీలకు రాద్దామన్నాను. రాశారట. వస్తామన్నారట. భవనం పునాదులప్పటి నుంచీ వస్తామంటూనే ఉన్నారట.

దారి చూపింది పాస్ కౌంటర్ ఆవిడ. థియేటర్ హాలు గుమ్మం దగ్గర ఒక బల్ల వేసుకుని కూర్చుంటుంది. మామిడిపల్లి మనిషి, యాభై దాటి ఉంటాయి. రోగితో వచ్చినవాళ్లకు ఆకుపచ్చ అట్ట ముక్క ఇస్తుంది. అటెండర్ పాస్. అది లేకుండా హాల్లోకి రానివ్వరు. నేను మూడు రోజులుగా కుర్చీల మధ్య ల్యాప్‌టాప్ పట్టుకుని తిరగడం చూసి పిలిచింది.

"ఏంది తమ్మీ, ఏం పోగొట్టుకున్నవ్? పొద్దుందాక గీ కుర్చీల కిందనే చూస్తున్నవ్."

తమ్మీ అని అక్క పిలిచేది. మా వైపు వయసులో పెద్దదైన ఏ ఆడమనిషినైనా అక్కా అంటాం. కూరగాయలమ్మే ఆమెను, బస్సులో పక్క సీటు ఆమెను. రెండు నెలలుగా నేను ఆ మాట అనకుండా నెట్టుకొస్తున్నాను. "ఇదిగో", "ఏమండీ" అని సర్దుకుంటున్నాను. ఆమెతోనూ అలాగే మొదలుపెట్టాను. విషయం చెప్పాను.

"మనిషెవరో తెల్వాలె, గంతేనా?" అంది. "తెల్వకుంటనే పాస్ ఇస్తున్ననా నేను? చూడు." రిజిస్టరు తిప్పింది. ప్రతి పాస్ నంబరు పక్కన పేరు, ఊరు, ఫోన్ నంబరు, వేలిముద్రో సంతకమో. పిన్ను కొట్టిన ఆధార్ జిరాక్సు. "ఓటీపీ కన్న గిది తక్కువనా? ఓటీపీకి ఫోన్ తెలుస్తది. నాకు మొఖం గూడ తెలుస్తది."

కంట్రోలర్‌లో ఇందుకు ఒక ఏర్పాటు ఉంది. రిసెప్షన్‌లో కూర్చునే మనిషికి విడిగా ఒక ఖాతా ఇవ్వవచ్చు. ఆ ఖాతాతో కంట్రోలర్‌లో ఇంకేదీ ముట్టుకోలేరు. బయటివాళ్లకు ఒక కోడ్ తయారుచేసి ఇవ్వగలరు, అంతే. నేను ఎప్పుడూ వాడలేదు. ఎవరూ అడగలేదు. ఓటీపీ ఉండగా మనిషి ఎందుకు అనుకున్నాం. పాస్ నంబరుకు ఒక కోడ్, కోడ్‌కు ఒక రిజిస్టరు వరస. పోలీసులొస్తే మేనేజరు రిజిస్టరు చూపిస్తాడు.

మేనేజరు రిజిస్టరు తెప్పించుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఆమెనే పిలిచి అడిగాడు.

"మీరు చేయగలరా అమ్మా, కంప్యూటర్లో?"

"నేర్పిస్తె చేస్త సార్. గిన్నేండ్ల సంది రాస్తున్న, గా నాలుగు అంకెలు కొట్టలేనా? ఇగ జీతం గూడ ఇంజనీర్ల జీతమిస్తె ఇంకా మంచిగ కొడ్త."

ఆయన నవ్వి సరేనన్నాడు. నాకు అక్కడితో పని సగం అయినట్టు అనిపించింది. అది నా పొరపాటు.

టన్నెల్ లేవలేదు. రెండు కంట్రోలర్లకూ చెప్పాల్సింది చెప్పాను. రెండూ పక్కపక్కనే బీరువాలో ఉన్నాయి, రెండింటికీ పచ్చలైటు వెలుగుతోంది, ఒకదానికొకటి మాత్రం కనిపించడం లేదు. మధ్యలో ఉన్నది ఫైర్‌వాల్. దాన్ని ముట్టుకునే హక్కు నాకు లేదు. అది ఆసుపత్రివాళ్ల హెడ్డాఫీసులో ఒక మనిషి చేతిలో ఉంది. అతన్ని నేను ఇప్పటికీ చూడలేదు. ఫోన్లో గొంతు మాత్రమే.

"మా సైడ్ అంతా క్లీన్ అన్నా. మీ కంట్రోలర్ చూస్కోండి."

"కంట్రోలర్ చూశాను. ప్యాకెట్లు పోతున్నాయి, తిరిగి రావడం లేదు."

"పోతున్నయ్ కదా. ఇగ మా దాంట్ల ఏం ప్రాబ్లం?"

"పోవడమే కాదు, రావాలి కూడా. రెండు వైపులా తెరవాలి."

"రిక్వెస్ట్‌ల ఒక సైడే రాసిన్రు."

రిక్వెస్ట్ రాసింది నేనే. తీసి చూశాను. రెండు వైపులా అని రాసి ఉంది. పంపాను. అది పాత ఫారమట, కొత్త ఫారంలో రాయమన్నాడు. కొత్త ఫారంలో రాశాను. దానికి మేనేజరు సంతకం కావాలి. మేనేజరు సెలవులో ఉన్నాడు. వచ్చాక సంతకం చేశాడు. పంపాను. మార్పులు గురువారాల్లోనే చేస్తామన్నాడు. గురువారం వచ్చింది. "చేసిన అన్నా" అన్నాడు. టన్నెల్ లేవలేదు. ఫైర్‌వాల్‌లో రెండు పోర్టులు, అంటే రెండు తలుపుల్లాంటివి, అడిగితే ఒకటి తెరిచాడు. రెండోదానికి మళ్లీ వచ్చే గురువారం.

ఆ వారమంతా నేను రోజూ శంషాబాద్ వెళ్లాను. వెళ్లినా చేసే పని లేదు. అయినా వెళ్లాను. సర్వర్ గదిలో చలి ఎక్కువ. కూర్చోలేక సెల్లార్‌కు దిగేవాణ్ని. హాల్లో మనుషులు వస్తూ పోతూ ఉన్నారు. ఒకాయన బడంగ్‌పేట్ నుంచి, భార్యకు పిత్తాశయం ఆపరేషన్. థియేటర్ నుంచి కబురేమైనా వచ్చిందేమోనని పది నిమిషాలకోసారి ర్యాంపు ఎక్కి, సిగ్నల్‌లోకి వెళ్లి, ఫోను చూసుకుని, మళ్లీ పరుగున దిగేవాడు. అతను ఎక్కిన ప్రతిసారీ, పిలవడానికి ఎవరైనా దిగుతారేమోనని నేను లిఫ్టు వైపు చూసేవాణ్ని. అతని భార్య బాగానే బయటికి వచ్చింది. అయినా ఆ రోజే హెడ్డాఫీసు మనిషికి ఫోన్ చేసి, అవసరం లేనంత గట్టిగా మాట్లాడాను.

"నీ పైన కంప్లైంట్ ఇస్త అన్నా. గిట్ల మాట్లాడద్దు" అన్నాడు.

"ఇవ్వు" అన్నాను.

ఆ సాయంత్రమే ప్రార్థన కూడికకు వెళ్లాను. అక్క జ్ఞాపకార్థం చర్చిలో పెట్టిన కూడిక. అక్క తెలుగు టీచరు. పిల్లల వ్యాసాల్లో అక్కర్లేని విశేషణాల కింద ఎర్రపెన్నుతో గీత గీసేది. ఆ సాయంత్రం మాట్లాడినవాళ్లంతా ఆమెను జ్యోతి అన్నారు, పరిమళం అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. చివర నన్ను మాట్లాడమన్నారు. ఆమె అడిగినప్పుడు నేను అక్కడ లేనన్నది ఒక్కటే నా నోటికి వస్తోంది. కూర్చున్నచోటనే తల అడ్డంగా ఊపాను.

రెండో గురువారం టన్నెల్ లేచింది. తెరపై ఎర్రగా ఉన్న మాట పచ్చగా మారింది. హెడ్డాఫీసు మనిషే ఫోన్ చేసి, "అయిందా అన్నా? జర ముందే చెప్తె గింత పరేషాన్ ఉండకపోవు" అన్నాడు. అతను కంప్లైంట్ ఇవ్వలేదు. అందుకు మాత్రం థాంక్స్ చెప్పాను.

ఇక కోడ్‌లు. కంట్రోలర్ తనంతట తాను తయారుచేసే కోడ్‌లో ఇంగ్లిషు అక్షరాలు, పెద్దవీ చిన్నవీ, అంకెలూ కలిసి ఉంటాయి. కౌంటర్ ఆవిడ మొదటిది చూసి నా వంక చూసింది.

"గిది ఎవరు కొడ్తరు తమ్మీ? మా ఊరోళ్లు కొడ్తరా? నేనే కొట్టలేకపోతున్న."

అంకెలు మాత్రమే వచ్చేలా మార్చాను. ఆరు అంకెలు. పాస్ వెనకాల ఆమె బాల్‌పెన్నుతో రాసి ఇస్తుంది. ఫోన్లో కొట్టడం రానివాళ్లకు తనే కొట్టిపెడుతుంది. మొదటి రోజు బాగా నడిచింది. రెండో రోజు మధ్యాహ్నానికి బల్ల చుట్టూ పదిమంది.

"కోడ్ తప్పంటుందక్కా."

"పొద్దుగాల మా బావకు పన్జేసింది, నాకెందుకు చెయ్యది?"

"తప్పు నాది కాదు, గా సారుది" అని ఆమె నన్ను చూపించింది. "అడుగుండ్రి, గాడనే నిలవడ్డడు."

తప్పు నాదే. ఒక కోడ్‌కు ఒక ఫోను అని కంట్రోలర్‌కు చెప్పాను. ఎక్కడైనా అలాగే చెబుతాం. ఇక్కడ పాస్ ఒక మనిషిది కాదని నాకు తట్టలేదు. రోగికి ఒకటే పాస్ ఇస్తారు. పొద్దున అన్న కూర్చుంటాడు. అతను తినడానికి వెళ్తూ గుమ్మంలో పాస్ వదిన చేతిలో పెడతాడు. ఆమె దగ్గర్నుంచి సాయంత్రం మేనమామ తీసుకుంటాడు. పాస్ చేతులు మారుతుంది, కోడ్ దాంతోపాటే వెళుతుంది, కంట్రోలర్ మాత్రం పొద్దుటి ఫోనునే పట్టుకుని కూర్చుంటుంది. అక్క ఆసుపత్రిలో ఉన్నప్పుడు మేమూ అంతే చేశాం. నేనూ బావా ఒకే పాస్ మార్చుకున్నాం. అయినా నాకు తట్టలేదు.

కోడ్‌కు ఐదు ఫోన్లు అని మార్చాను. మేనేజరు ఒప్పుకోలేదు. "క్రికెట్ చూస్తారండీ అందరూ. లైను మొత్తం వాళ్లే తాగేస్తారు." వేగం తగ్గించి, మాట్లాడటానికి సరిపోయేంత ఉంచాను. చేతులు మారినప్పుడు పాస్ తీసుకున్న మనిషి పేరు కూడా రిజిస్టర్లో రాయాలన్నాడు. కౌంటర్ ఆవిడ నెత్తి కొట్టుకుంది. "మీరు పైన ఏసీల కూసొని రూల్స్ రాస్తరు, తిట్లు నాకు పడ్తయి." కానీ రాసింది.

మూడో వారం చివర అంతా పూర్తయింది. మేనేజరు తన ఫోనుతో పరీక్షించాడు. థియేటర్ నర్సు బల్ల మీద ఆసుపత్రివాళ్లు ఇచ్చిన ఫోను నుంచి వాట్సాప్ కాల్ చేయించాడు. సెల్లార్‌లో ఆయన చేతిలో ఫోను మోగింది. "బ్రహ్మాండం అండీ" అని, పని పూర్తయినట్టు రాసిన కాగితం తీసి, సంతకం చేయడానికి పెన్ను మూత తీశాడు.

ఒక్క అరగంట ఆగమన్నాను. ఎందుకన్నాడు. ఇంకో పరీక్ష ఉందన్నాను. నిజానికి ఏ పరీక్షో నాకే తెలియదు. ఆయన పరీక్షించిన తీరులో ఏదో తప్పుగా తోచింది.

హాల్లోకి వెళ్లి ఒక కుర్చీలో కూర్చున్నాను. ఫోను వైఫైలో పెట్టుకుని జేబులో వేసుకున్నాను. చేతులు కట్టుకున్నాను. నా వరసలో ఆరుగురు ఉన్నారు. ఒక్కరి చేతిలోనూ ఫోను లేదు. ఒకామె ఫోను కొంగున ముడి వేసుకుంది. ఒకాయన చొక్కా జేబులో పెట్టుకుని దాని మీద చేయి వేసి కళ్లు మూసుకున్నాడు. అప్పుడు అర్థమైంది. పరీక్షించేవాళ్లు ఫోను వాడుతూ పరీక్షిస్తారు. ఎదురుచూసేవాళ్లు ఫోను వాడరు. అది మోగాలని మాత్రమే కోరుకుంటారు.

పావుగంట తర్వాత కౌంటర్ ఆవిడకు ఏం చేయాలో చెప్పాను. ఆమె పైకి, నర్సు బల్ల దగ్గరికి వెళ్లి నాకు కాల్ చేయించింది. నా ఫోను మోగలేదు. తీసి చూశాను. కోడ్ ఇవ్వండి అని మళ్లీ పేజీ.

కంట్రోలర్‌లో ఒక గడువు ఉంటుంది. ఐదు నిమిషాలపాటు ఏ కదలికా లేని ఫోనును, ఈ మనిషి వెళ్లిపోయాడు అనుకుని పేరు కొట్టేస్తుంది. పెట్టె తయారుచేసినవాళ్లు పెట్టిన గడువు అది. కేఫ్‌లకూ, హోటళ్లకూ బాగానే ఉంటుంది. ఇన్నేళ్లలో నేను దాన్ని ఒక్కసారి కూడా మార్చలేదు. నేను పెట్టిన ఆ రెండు ఆసుపత్రుల్లో, వైఫై ఉందని నమ్మి జేబులో ఫోను పెట్టుకుని కూర్చున్నవాళ్లందరూ ఐదు నిమిషాల తర్వాత లేనివాళ్ల కింద లెక్క. వాళ్లకు ఆ సంగతి తెలియదు. ఓటీపీ రాక రోడ్డెక్కిన నాకైనా నేను లోపల లేనని తెలుసు.

మేనేజరు దగ్గరికి వెళ్లి చెప్పాను.

"మళ్లీ ఏంటండీ ఇది? ఇందాక మోగింది కదా."

"చేతిలో ఉంటే మోగుతుంది సార్. జేబులో ఉంటే మోగదు."

"ఇప్పుడేం చేయాలంటారు?"

"గడువు మార్చాలి. పాస్ ఉన్నంతసేపు కోడ్ ఉండాలి. ఫోను నిద్రపోయినా పేరు కొట్టేయకూడదు."

"మార్చండి మరి."

"మార్చాలంటే గెస్ట్ నెట్‌వర్క్ ఒక నిమిషం ఆపాలి. హెడ్డాఫీసు అనుమతి కావాలి. గురువారం."

ఆ రోజు శుక్రవారం. ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. "మూడు వారాలైందండీ. నా మీద కూడా ఒత్తిడి ఉంది. ఇవాళ సంతకం చేసేస్తాను, గురువారం మార్చేసుకోండి. ఈలోపల ఏమవుతుందండీ?"

ఈసారి చెప్పాను. వరసగా చెప్పాను, మైలార్‌దేవ్‌పల్లి, సెల్లార్, ఓటీపీ, మైకు, తమ్ముడేడి అన్నది. నాలుగైదు వాక్యాలకు మించి కాలేదు. ఆయన పెన్ను బల్ల మీద పెట్టి, "అక్కగారా?" అని అడిగాడు. అవునన్నాను. "ఆపండి ఒక నిమిషం. నేనే చెప్పానని రాసుకోండి" అన్నాడు.

హాల్లోకి వెళ్లి కౌంటర్ ఆవిడకు చెప్పాను. "అక్కా, ఒక్క నిమిషం వైఫై పోతది. ఎవర్నీ లేవొద్దని చెప్పు." అక్కా అన్నానని తర్వాత గమనించాను.

ఆమె లేచి హాలంతటికీ వినపడేలా చెప్పింది. నేను మార్చాను. నిమిషంలో నెట్‌వర్క్ తిరిగి వచ్చింది. అందరి ఫోన్లలో కోడ్ ఇంకోసారి కొట్టాలి. ఆమె ఒక వైపు నుంచి, నేను ఒక వైపు నుంచి కొట్టుకుంటూ వచ్చాం. కొంగున ఫోను ముడేసుకున్న ఆమె ముడి విప్పి ఇచ్చింది. ఆమె కొడుకుకు కాలు ఆపరేషన్. "గిట్లనే ఉంచుకోనా అన్నా, ఏమన్న నొక్కాల్నా?" అని అడిగింది. ఏమీ నొక్కొద్దు, ముడేసుకోమన్నాను.

కుర్చీలోకి వెళ్లి కూర్చున్నాను. ముప్పావుగంట దాటి ఉంటుంది. నా జేబులో ఏమీ మోగలేదు, నాకు ఎవరూ కాల్ చేయాల్సిన పని లేదు. కొంగున ఫోను ముడేసుకున్నామె తల గోడకానించి నిద్రపోయింది. కొంగు మోగింది. ఉలిక్కిపడి లేచి, ముడి విప్పడం రాక, మూటనే చెవికి ఆనించుకుని "ఆఁ, ఆఁ" అంది. కౌంటర్ ఆవిడ వచ్చి ముడి విప్పి ఫోను ఎత్తి ఇచ్చింది. "వస్తున్న, వస్తున్న" అంటూ ఆమె చెప్పులు వేసుకోకుండానే లిఫ్టు వైపు నడిచింది. ఎందుకు పిలిచారో నాకు తెలియదు. ఆమె చెప్పులు కుర్చీ కింద ఉన్నాయి. కాసేపటికి ఎవరో వచ్చి తీసుకెళ్లారు.

మేనేజరు సంతకం చేశాడు. నేను వచ్చేశాను.

ఆ తర్వాత నేను ఓటీపీ పేజీలు పెట్టిన చోట్లన్నిటికీ ఉత్తరాలు రాశాను. గడువు సంగతి, సిగ్నల్ సంగతి రాసి, రుసుమేమీ లేకుండా వచ్చి మారుస్తానన్నాను. చాలామంది జవాబివ్వలేదు. రెండు ఆసుపత్రుల్లో ఒకటి రమ్మంది. రెండోది ఇలా రాసింది: ఈ విషయమై ఇప్పటివరకు మాకు ఒక్క ఫిర్యాదు కూడా అందలేదు.

చాలాసేపు కోపంగానే ఉన్నాను. తర్వాత, ఫిర్యాదు ఎవరు చేస్తారు అనిపించింది. మనిషి బాగై బయటికి వస్తే వైఫై సంగతి మరిచిపోతారు. బయటికి రాకపోతే వైఫై సంగతి ఎవరితో మాట్లాడతారు? నేనూ చేయలేదు.

మరుసటి ఆదివారం చర్చి అయ్యాక మైలార్‌దేవ్‌పల్లి వెళ్లాను. అదే గేటు. ఫిర్యాదుల పుస్తకం అడిగాను. రిసెప్షన్ అమ్మాయి సొరుగులో వెతికి తీసి, పెన్ను పట్టుకుంది.

"పేషెంట్ పేరు అన్నా?"

చెప్పాను.

"డిశ్చార్జ్ ఏ రోజు అయిన్రు?"

అక్క పోయిన తేదీ చెప్పాను. ఆమె రాసుకుంది.

"కంప్లైంట్ దేని గురించి? డాక్టర్ గురించా, బిల్లు గురించా?"

"వైఫై గురించి" అన్నాను.

ఆమె తల ఎత్తి చూసింది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. పుస్తకం నా వైపు తిప్పి, "మీరే రాయుండ్రి" అంది. రాశాను. ఒక పేజీ సరిపోయింది.